అల్లుడుగారు అలిగిన ఎండాకాలం

ఫిబ్రవరి 6

పచ్చ ప్రతినిధి రోజూ దినచర్య రాయాలట. ప్రతి హాస్టల్‌కీ ఒక ప్రతినిధి, ప్రతి ప్రతినిధికీ ఒక రాతపలక. అందులో రాసిందంతా పర్యావరణ కమిటీవాళ్లు చదువుతారట. చదివితే చదవనీ. నా పేరు హంపమ్మ. చింతతోపు ఆడపిల్లల హాస్టల్, వృక్షశాస్త్రం రెండో ఏడు. ఈ పదవికి నేను నిలబడలేదు. ఎన్నుకునే మీటింగుకి ఆలస్యంగా వెళ్లాను, వెళ్లేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లు నాకేనని కూర్చున్నాక తెలిసింది.

మెస్సు గోడ మీద కమిటీవాళ్ల పెద్ద పోస్టరుంది. పచ్చని ప్రాంగణానికి మీరేం చేయగలరు అని పైన అడిగి, కింద బొమ్మలు వేశారు. చిరిగిన బట్టలు కుట్టే బల్ల దగ్గర కూర్చోవచ్చు. విత్తనాలు ఏరవచ్చు. స్నానాల నీళ్లు మునగచెట్లకి మళ్లించవచ్చు. సైకిలు తొక్కి దీపాల బ్యాటరీలు నింపవచ్చు. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి ఎంచుకోవాలి, లేకపోతే హాలు టికెట్ ఇవ్వరు. అన్నిటికంటే అడుగున, ఎవరూ వేలు పెట్టని పని ఒకటుంది, గ్యాసు తొట్టికి మేత వేయడం. అది ప్రతినిధి నెత్తిన పడుతుంది.

తొట్టి మా హాస్టల్ వెనక నేలలోకి దింపి ఉంటుంది, దాని మీద ఒక పెద్ద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, గంజి, కుళ్లిన పళ్లు, అన్నీ అందులోకే. లోపల గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది. ఆ గ్యాసుతోనే వంట, ఆ గ్యాసుతోనే ఇంజను, ఇంజనుతో, ఎండ ముదిరాక అందరం తలదాచుకునే చల్లగది. కప్పు మీది సోలారు పలకల కరెంటు మొత్తం ఊళ్లో ఆసుపత్రికి పోతుంది. మరుగుదొడ్ల ఎరువు తోటకి పోతుంది. పశువులు ఈ ఎండలకి ఎప్పుడో పోయాయి. కాబట్టి ఎండ సైరన్ మోగిన తర్వాత మా అందరి ప్రాణాలూ ఆ తొట్టి చేతిలోనే ఉంటాయి.

పిల్లలు దానికి అల్లుడుగారని పేరు పెట్టారు. అందరికంటే ముందు ఆయనకే పెట్టాలి. పెట్టింది నచ్చకపోతే అలిగి కూర్చుంటాడు. ఇంటిల్లిపాదీ ఆయన మొహం చూసి బతకాలి. ఎవరు పెట్టారోగానీ సరైన పేరే.

ఈ రోజు డ్రమ్ము నిండుగా లేచి ఉంది. అల్లుడుగారు కులాసా.

ఫిబ్రవరి 9

ఈ రోజు మెస్సులో జరిగింది రాయకుండా ఉండలేను.

నా గదిలో ఉండే పిల్ల పేరు రత్నమాణిక్యం. దివిసీమ వైపు పిల్ల. వాళ్ల ఊరు సముద్రంలో కలిసిపోయింది, అమ్మానాన్నలు ఆ తుఫానుకే పోయారు. పునరావాస శిబిరంలో పెరిగింది. శిబిరం పిల్లలకి యూనివర్సిటీ ఏటా లాటరీ తీసి కొన్ని సీట్లు ఇస్తుంది. అలా వచ్చింది. సెలవులకి అందరూ ఇళ్లకి వెళ్తే తను ఇక్కడే ఉంటుంది. ఈ హాస్టల్‌లో మంచం తప్ప ఆమెకి ఈ భూమ్మీద చిరునామా లేదు. హాస్టల్ తలుపు మూతపడితే శిబిరం పిల్లలు తిరిగి శిబిరానికే పోవాలని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు కూడా.

మధ్యాహ్నం భోజనంలో హరిణాక్షి అనే పిల్ల పప్పన్నం సగానికి సగం వదిలేసి లేచింది. మేత బిందెలో వేయబోతుంటే మాణిక్యం వెళ్లి పళ్లెం పట్టుకుంది.

"అదేంటే, సగం ముట్టను కూడా లేదు. అట్టా పారేస్తావా?"

"పారెయ్యల్యా మే, అల్లుడుగారికి పెడతాండాది" అన్నాను నేను, గొడవెందుకని.

"మనిషి తినేది మనిషి తినకపోతే పారేసినట్టే" అని మాణిక్యం ఆ పళ్లెం తన ముందు పెట్టుకుని కూర్చుంది. కూర్చుని తినేసింది. అందరం చూస్తుండగా, వేరే పిల్ల చెయ్యి పెట్టిన ఎంగిలి, మెతుకు మిగల్చకుండా తినేసింది. మెస్సంతా ముక్కు మీద వేలేసుకుంది. హరిణాక్షి మొహం ఎర్రబడి, ఏడుస్తూ గదిలోకి పరిగెత్తింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎంగిలి తిన్నందుకు కాదు, ఆ పిల్ల అంత ఆకలి చూసిందని ఒకే గదిలో ఉంటూ నాకు ఇన్నాళ్లూ తట్టనందుకు.

సాయంత్రం ఎవ్వరూ ముందుగా మాట్లాడుకోలేదు. కానీ ప్రతి పళ్లెమూ తుడిచిపెట్టినట్టు బిందె దగ్గరికి వచ్చింది.

ఫిబ్రవరి 21

కమిటీవాళ్ల చెవిన పడింది. పడగానే దానికి 'తుడిచిన పళ్లెం' అని పేరు పెట్టి, పోస్టరు వేసి, మాణిక్యం ఫొటో అందులో అంటించారు. ఈ రోజు వైస్ చాన్సలర్ గారు స్వయంగా వచ్చి మాతో కూర్చుని తిన్నారు. పాపం ఆయనకి వంకాయ పడదట, అయినా తొడిమతో సహా మింగారు. చుట్టూ అన్ని కళ్లుంటే ఏం చేస్తారు?

మా వంట మస్తాన్‌బీకి కూడా పట్టుదల వచ్చేసింది. బీరపొట్టు పచ్చడి చేస్తోంది. తోటకూర కాడలు పులుసులో వేస్తోంది. గంజిని చారులో కలుపుతోంది. సొరకాయ గింజలు వేయించి పొడి కొట్టింది. "ఏం మ్మా, ఇంగ పారెయ్యనీకి నా వంటింట్లో ఏమీ ల్యా. సూసుకో పో" అని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. బాగా నవ్వుకున్నాం.

బండమీది మగపిల్లల హాస్టల్‌లో కూడా మొదలుపెట్టారట. మనల్ని చూసి కాపీ కొట్టారని మా పిల్లలకి గర్వం. మాణిక్యానికి వేదిక మీద ప్రశంసాపత్రం ఇచ్చారు. గదికి వచ్చాక దాన్ని మంచం తల దగ్గర గోడకి అతికించింది. "హంపీ, చదువయ్యాక కూడా ఇక్కడే పనిస్తారేమోనే? వార్డెన్ మేడం అడిగి చూస్తానన్నారు" అంది. రెండేళ్లలో ఆ పిల్ల రాబోయే రోజుల మాట ఎత్తడం నేను వినలేదు. ఎప్పుడూ నిన్నటి సంగతో, ఇవాళ్టి సంగతో అంతే. నాకు చాలా సంతోషమనిపించింది.

ఇంక రాయడానికేం లేదు. మేత బిందె తేలిగ్గా ఉంటోంది కాబట్టి నా నడుం నొప్పి తగ్గింది.

మార్చి 3

డ్రమ్ము కుంగింది. మూడొంతులు లోపలికి దిగిపోయి ఉంది. పైపులో ఎక్కడో కన్నం పడిందనుకున్నాను. సబ్బునీళ్లు కలిపి ప్రతి అతుకు మీదా పూసి, బుడగలు వస్తాయేమోనని బోర్లా పడుకుని చూశాను. ఒక్క బుడగ లేదు. వంటింట్లో మంట నీలం పోయి పసుపుగా, నాలుక చాస్తూ మండుతోంది. అన్నం ఉడకడానికి చాలాసేపు పడుతోందని మస్తాన్‌బీ సణుగుతోంది.

"అల్లుడుగారు అలిగినాడు, ఏదో తక్కువ చేసింటారు" అని నవ్వారు పిల్లలు.

తిరిగి వస్తూ మేత బిందె చూశాను. అడుగున కాస్త కాఫీ పిప్పి, రెండు నిమ్మతొక్కలు. అంతే. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. పైపుకి కన్నం పడలేదు. ఆయనకి మేత లేదు. మూడు వారాలుగా మేం ఆయన్ని పస్తు పెడుతున్నాం. రోజూ బిందె మోసే దాన్ని నేను. తేలిగ్గా ఉందని సంబరపడ్డానే తప్ప ఎందుకు తేలిగ్గా ఉందో ఆలోచించలేదు. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా తక్కువే.

మార్చి 5

మెస్సులో బల్ల ఎక్కి చెప్పాను. రేపటి నుంచి అందరూ కాస్త మిగల్చండి, లేకపోతే ఎండాకాలం నడిమధ్యలో చల్లగది ఆగిపోతుంది అని. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు ఏడ్చిన హరిణాక్షే ముందు లేచింది.

"అన్నం పారెయ్యమని నువ్వే చెప్తాండావా హంపక్కా? మొన్ననే గదా పారేస్తే పాపమని మా నెత్తిన మొట్టినారు?"

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? మళ్లీ బతిమాలాను. అందరూ సరేనన్నారు గానీ తినేటప్పుడు చూశాను. చేతులు ఆగడం లేదు. మాణిక్యం ఎదురుగా కూర్చుని ఉంటే ఆ పిల్ల ముందు పళ్లెంలో మెతుకు వదలడానికి ఎవరికీ మనసు ఒప్పడం లేదు. చివర్లో బిందెలో పడింది గుప్పెడే.

గదిలో మాణిక్యం మంచం అంచున కూర్చుంది. "అంటే దాన్ని ఆకలికి మాడ్చింది నేనా?" అంది.

"నువ్వు కాదు మే. అందరమూ."

"అందరూ ఎవర్ని చూసి మొదలెట్టారు?"

నేను పోనీలే అన్నాను. ఏడవకు అన్నాను. ఆ పిల్ల ఏడవడం లేదు, కళ్లు పొడిగానే ఉన్నాయి, అందుకే నాకు భయం వేసింది.

మార్చి 8

ఎండ సైరన్ మోగాక అందరం చల్లగదిలో చేరాం. మిట్టమధ్యాహ్నం ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తలుపులు తీస్తే బయట నిప్పులు చెరుగుతోంది, మూస్తే లోపల ఊపిరాడదు. తడిగుడ్డలు నెత్తిన వేసుకుని నేల మీద పడుకున్నాం. మొదటి ఏడు పిల్ల ఒకతి కళ్లు తేలేసింది, ఊళ్లో ఆసుపత్రికి మోసుకెళ్లారు. బతికింది, దేవుడి దయ.

సాయంత్రం వార్డెన్ ఓబుళమ్మ మేడం నన్ను పిలిచారు. ఆవిడ కోప్పడే మనిషి కాదు, అందుకే ఆవిడ గొంతు తగ్గిందంటే ఏదో ముంచుకొచ్చినట్టే.

"రూలు నీకు తెలుసు కదా హంపమ్మా. చల్లగది వరసగా మూడు రోజులు ఆగితే హాస్టల్ మూసేయాల. పైవాళ్లు నా మాట వినరు. మిమ్మల్ని చంపుకోలేం కదమ్మా, ఇండ్లకి పంపిస్తారు."

"మాణిక్యానికి ఇల్లు లేదు మేడం."

"తెలుసు" అన్నారు.

పొద్దున ఒక్క పూట వంట మానేసి గ్యాసు మొత్తం ఇంజనుకి మళ్లిస్తే రేపు నడుస్తుంది. ఎల్లుండి సంగతి ఎల్లుండి.

మార్చి 10

ఈ రోజు మనసు తేలికపడింది. పలకలో నవ్వుతూ రాస్తున్నాను.

ఆలోచన మాణిక్యానిదే. పొద్దున తన పళ్లెం తీసుకుని తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లి మొత్తం పోసేసి వచ్చింది. "నేను మాడ్చాను, నేనే పెడతాను" అంది. అది చూసి హరిణాక్షి తన పళ్లెం తీసుకెళ్లింది. ఇంకేముంది, సాయంత్రానికి హాస్టల్ మొత్తం కదిలింది. ఈ పూట ఎవరూ తినకూడదు, అల్లుడుగారికి విందు చేయాలి అని తీర్మానం. వార్డెన్ మేడం స్టోరు తాళం చెవి ఇచ్చి, నాకేం తెలియదన్నట్టు తన గదిలోకి వెళ్లిపోయారు.

మస్తాన్‌బీ మిగిలిన గ్యాసంతా వాడి పెద్ద గుండిగెలో రాగిసంగటి కెలికింది. పప్పు, పుల్లకూర, పరమాన్నం. పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చుకుని ట్రంకుపెట్టెల్లో దాచుకున్నవి తెచ్చారు. బొరుగుల ఉండలు, నువ్వుల ఉండలు, నిమ్మకాయ ఊరగాయ, పాకం పట్టిన బెల్లం. ఒకమ్మాయి పెళ్లిపాట అందుకుంది. తొట్టి చుట్టూ వరస కట్టి నిలబడ్డాం.

"ఇంకొక్క ముద్ద అల్లుడుగారూ, మొహమాటపడొద్దు!"

"పరమాన్నం వద్దంటే ఎట్ల? అత్తగారు బాధపడతాది!"

"చాలు చాలు అంటాడు గానీ వదలద్దండి మే, పెట్టండి!"

మాణిక్యం కూడా నవ్వింది. గరిటె నా చేతిలోంచి లాక్కుని మరీ కొసరి కొసరి పోసింది. తొట్టి నోటి దగ్గర సిమెంటు మీద గీసిన గీత ఒకటుంది, రోజూ వేసే మేత అక్కడికి మించకూడదని. ఆ గీత సంగటి కింద ఎప్పుడో మునిగిపోయింది. ఇన్నాళ్లు పస్తులున్నవాడికి గీతలేమిటని నేనే అన్నాను. అందరూ నవ్వారు.

ఖాళీ కడుపులతో పడుకుంటున్నాం. ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

మార్చి 11

పొద్దున్నే పరిగెత్తుకుంటూ వెళ్లి చూశాను. డ్రమ్ము లేచింది! పైదాకా, అంచులు దాటేలా లేచింది. నేను పెట్టిన కేకకి హాస్టలంతా బయటికొచ్చింది. మాణిక్యం నన్ను కావలించుకుని గిరగిరా తిప్పింది.

మస్తాన్‌బీ పొయ్యి తిప్పి అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకోటి గీసింది. గ్యాసు బుస్సుమని వస్తూనే ఉంది, పుల్ల దగ్గర పెడితే ఆర్పేస్తోంది. పెట్టెడు పుల్లలు అయిపోయాయి.

"ఏం గాలి మ్మా ఇది, మండదే?" అని ఆమె నా వైపు చూసింది.

అప్పుడు వచ్చింది వాసన. పులిసిపోయిన పిండి వాసన, ముక్కు మండించే పులుపు. నాకు అర్థం కాలేదు. ఇంజను తిరగలేదు. మధ్యాహ్నం అందరం తడిగుడ్డలు వేసుకుని పడుకున్నాం. మూడు రోజుల్లో ఒక రోజు అయింది.

మార్చి 12

గ్యాసు తొట్లు కట్టించిన ఏకాంబరం సారు వేరే ప్రాంగణంలో ఉన్నారు. వార్డెన్ మేడం గదిలోంచి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"నెల్లాళ్లు పస్తులున్న కడుపుకి పెళ్లిభోజనం పెట్టినారా?" అన్నారు. "తీపి, పులుపు, సంగటి అన్నీ ఒక్క పూటలో? లోపల గ్యాసు చేసే పురుగు ఆకలితో సగం సచ్చింది తల్లీ. మిగిలింది మెల్లగా తినేది. మీరు పోసిందంతా పులిసిపోయి, ఆ పులుపుకి అది కూడా సస్తాంది. డ్రమ్ములో ఉండేది మండే గ్యాసు కాదు. వట్టి పులిసిన గాలి."

"ఇప్పుడేం చేయాల సార్?"

"ఆ గాలి వదిలేయండి. సున్నం నీళ్లు పోయండి, కొంచెం కొంచెంగా. బాగుండే తొట్టి నుంచి రెండు బిందెల ముద్ద తెచ్చి తోడు వేయండి, పాలకి తోడేసినట్టు. తర్వాత మేత వేయకుండా ఊరికే ఉండండి. తోడుకుంటాది."

"ఎన్ని రోజులకి?"

"రోజులు కాదమ్మా. వారాలు."

ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డాను. మాకున్నది ఒక్క రోజు. ఆకలి తీర్చాలని ప్రేమగా కొసరి పెట్టామే, దానితోనే చంపుకున్నాం. ఎవర్ని తిట్టాలో కూడా తెలియలేదు. ఇంజను ఈ రోజూ తిరగలేదు.

మార్చి 13

సైరన్ మోగకముందే వెళ్లి వద్దామని నేనూ మాణిక్యమూ బిందెలు పట్టుకుని బండమీది హాస్టల్‌కి బయల్దేరాం. నేను వద్దన్నా మాణిక్యం వినలేదు. "నా కోసం అడుక్కోవడానికి నువ్వొక్కదానివే పోతావా?" అంది.

వాళ్ల ప్రతినిధి తిక్కస్వామి మంచివాడు. మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో అర్థమైపోయింది. తీసుకెళ్లి వాళ్ల డ్రమ్ము చూపించాడు. అదీ సగానికి కుంగి ఉంది.

"మీ మాదిరే మేమూ పళ్లేలు తుడిచినాం గదక్కా" అన్నాడు. "ఇప్పుడు రెండు బిందెలు తీస్తే మాదీ పడిపోతాదేమో. మా దాంట్లో కూడా శిబిరం పిల్లోళ్లు నలుగురుండారు."

మాణిక్యం బిందె కింద పెట్టేసింది. "అయితే వద్దులే తమ్ముడూ" అంది. నేను ఊరుకోలేదు. కాళ్లావేళ్లా పడ్డాను. నీ తొట్టి మేత నేను మోస్తానన్నాను, ఏవేవో అన్నాను. అతను తల వంచుకుని, చివరికి ఒక్క బిందె నింపి ఇచ్చాడు. ఒక్కటే. "తిట్టుకోవాకు అక్కా" అన్నాడు. నేను ఆ పిల్లాణ్ణి ఎలా తిట్టుకుంటాను?

తిరిగొస్తుంటే దారిలోనే సైరన్ మోగింది. ఇద్దరం బిందె చెరో పక్క పట్టుకుని పరిగెత్తాం. చెప్పుల అడుగు మెత్తబడి నేలకి అతుక్కుంటోంది. తొట్టిలో తోడు పోసి, సున్నం నీళ్లు పోసి, నీడలో కూలబడ్డాం. మాణిక్యం పెదవులు పగిలి నెత్తురు వస్తోంది.

సాయంత్రం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. చింతతోపు హాస్టల్ మూత.

మార్చి 15

పిల్లలందరూ వెళ్లిపోయారు. హరిణాక్షి వెళ్తూ మాణిక్యం చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

నేను మా అమ్మకి నిన్ననే ఫోన్ చేశాను. మాణిక్యాన్ని ఇంటికి తెస్తానన్నాను. "తీసుకురా, ఉండేదే తిందాం, అదేం మాట" అంది అమ్మ. కానీ మా ఊరి నీళ్ల కార్డులో పేరు లేని మనిషిని రాత్రి ఉంచుకుంటే ఇంటి కొళాయి కట్టేస్తారు. పేరు ఎక్కించమని అమ్మ పంచాయతీకి వెళ్లి అడిగింది. శిబిరం మనుషులకి శిబిరంలోనే నీళ్లు రాసి ఉంటాయి, రెండు చోట్ల రాయరని చెప్పి పంపేశారు. ఆ మాట మాణిక్యానికి చెబుతుంటే, తనకి ముందే తెలుసన్నట్టు తలూపింది.

శిబిరం లారీ ఎండ దిగాక వచ్చింది. మాణిక్యం గోడ మీది ప్రశంసాపత్రం తీయలేదు. ఎందుకు తీయలేదని అడిగాను.

"మళ్లీ రావాలిగా" అంది. "నువ్వు ఉంటావుగా? దాన్ని చూసుకుంటావుగా?"

ప్రతినిధి కాబట్టి తొట్టి చూసుకోవడానికి నన్నొక్కదాన్నే ఉండనిచ్చారు. ఉంటాను అన్నాను. నువ్వొచ్చేసరికి నీలం మంట చూపిస్తానన్నాను. లారీ వెనక తలుపు వేసేదాకా చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. ఎందుకో చెయ్యి లేవలేదు.

మార్చి 22

చల్లగది లేదు. వార్డెన్ మేడం ఇంటి నేలమాళిగలో పగలు తలదాచుకుంటున్నాను. సాయంత్రం వచ్చి తొట్టి చూస్తాను. నానబెట్టిన అటుకులే భోజనం. పులుపు వాసన కాస్త తగ్గింది. పొడుగు కర్ర పెట్టి కలుపుతాను, ఏమైనా కదులుతుందేమోనని చెవి పెట్టి వింటాను. ఏమీ వినపడదు. అయినా రోజూ వింటాను.

ఈ రోజు వానలకి హాస్టల్ తెరుస్తారా అని మేడాన్ని అడిగాను. మంట నిలబడితే జూలైలో తెరుస్తారట, పాతవాళ్లనే ముందు పిలుస్తారట. నా గుండె ఎగిరింది.

"మరి మాణిక్యం?"

మేడం పాత్రలు సర్దుతూ ఆగారు. "హంపమ్మా, శిబిరం సీటు ఖాళీ అయిన రోజే లాటరీకి పోతాది. అది రూలు. నిన్న తీసినారు. ఎవరో నరసాపురం పక్క పిల్లంట, పాపం చిన్న పిల్ల. ఆ మంచం ఆ పిల్లకి రాసినారు."

"నాకెందుకు ముందే చెప్పలేదు మేడం?"

"చెప్తే తొట్టి వదిలేసి పోతావని భయపడినా" అన్నారు. ఆవిడ కళ్లనిండా నీళ్లున్నాయి. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

రేపు వెళ్లిపోవాలని పెట్టె సర్దుకున్నాను. వచ్చే ఆ పిల్లకి కూడా ఇల్లుండదు కదా అనిపించి మళ్లీ విప్పాను.

ఏప్రిల్ 2

మంట అంటుకుంది. ముందు ఒకసారి గుప్పుమని ఆరిపోయింది. రెండో పుల్లకి అంటుకుని నిలబడింది. చిన్నగా, వంకరగా, కానీ నీలంగా.

ఏకాంబరం సారుకి చెప్పాను. "బతికించుకున్నావు తల్లీ" అన్నారు. "ఇంగ వదలాకు. రోజూ పొద్దున ఒక పళ్లెం, సాయంత్రం ఒక పళ్లెం. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మెత్తగా ఉడికించిందే పెట్టు, ఇప్పుడు తొక్కలు అరగవు దానికి."

హాస్టల్ మూసి ఉంది, మెస్సు లేదు. ఉన్నది నా ఒక్కదాని రేషన్. అందులో సగం రాగిపిండి ఆయనకి, సగం నాకు. పిండి ఉడికించి, చల్లార్చి, ఒక పళ్లెం కొలతకి బొగ్గుతో కొత్త గీత గీసి, ఆ గీత దాకా పోసి, కర్రతో కలిపి వచ్చాను. మనిషి తినే తిండి.

ఏప్రిల్ 5

శిబిరంలో ఆదివారం ఫోన్ ఇస్తారు. మాణిక్యం చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. బాగున్నావా అంటే బాగున్నానంది. ఏం తిన్నావంటే, "ఈ పూట అన్నం బండి ఇంకా రాలేదే, వస్తుందిలే" అంది. నేను మాట మార్చబోయేలోగా తనే అడిగింది.

"అల్లుడుగారెట్టా ఉన్నారు?"

"మంట వచ్చింది మే."

అవతల నవ్వు. తెరలు తెరలుగా నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వింది. పక్కనెవరికో చెబుతోంది, మా హాస్టల్ బతికిందండీ అని.

"ఏం పెడుతున్నావే దానికి? ఎవరూ లేరుగా అక్కడ, తొక్కలేం దొరుకుతాయి?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోటికి రాలేదు. "రాగిసంగటి" అన్నాను.

"మనం తినేదేనా?"

"మనం తినేదే."

అవతల వెనక పసిపిల్ల ఎవరో గుక్కపెట్టి ఏడుస్తోంది. ఎవరో మాణిక్యాన్ని త్వరగా ముగించమంటున్నారు.

"పెట్టు" అంది. "రోజూ పెట్టు, మానకు. నేనొచ్చేదాకా అది బతికుండాలి. నా మంచం మీద దుమ్ము పడకుండా దుప్పటి కప్పి ఉంచు. సరేనా హంపీ?"

"సరే" అన్నాను.

ఫోన్ వార్డెన్ మేడం చేతికి ఇచ్చేసి తొట్టి దగ్గరికి వచ్చాను. సాయంత్రం పళ్లెం అప్పటికే చల్లారి ఉంది. గీత దాకా పోశాను.